మావయ్య దిగితేనే నాకు కమాండ్ వస్తుందా? పైలట్ల రిటైర్మెంట్ 67 గురించి

జయపురం_కోపైలట్:

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కోపైలట్‌ని, కంపెనీ పేరు అడగొద్దు. కెప్టెన్‌కి కావలసిన ఏటీపీఎల్ లైసెన్స్ చేతికొచ్చింది, ఎగరాల్సిన గంటలు సరిపోయాయి, సిమ్ (సిమ్యులేటర్) చెక్‌లలో ఎక్కడా రిమార్క్ లేదు, అయినా కమాండ్ లిస్ట్, అంటే కోపైలట్ నుంచి కెప్టెన్ అయ్యే వరుస మాత్రం కదలడం లేదు. చేరేటప్పుడు నాలుగైదేళ్లలో కెప్టెన్ నాలుగు గీతలు భుజం మీదకి వచ్చేస్తాయన్నారు. ఇప్పుడు అడిగితే "చూద్దాం" అంటున్నారు.

ఇదిలా ఉంటే 2025లో విమాన కంపెనీల సంఘం ఐయాటా వాళ్లు పైలట్ల రిటైర్మెంట్ వయసు 65 నుంచి 67 చెయ్యమని ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావోకి ప్రతిపాదన పెట్టారు. మాంట్రియల్ అసెంబ్లీలో అది ఆగింది గానీ మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? అదే ఏడాది ఎయిర్ ఇండియా తన పైలట్లకి 58 నుంచి 65 చేసింది. అందరూ పైవాళ్ల గురించే ఆలోచిస్తున్నారు.

మా ఇంట్లో గొడవ ఏంటంటే మా మావయ్య కూడా కెప్టెనే. వేరే కంపెనీ, అరవై దాటాయి. రాయగడలో చెల్లి పెళ్లి భోజనాల దగ్గర ఆయన "67 రావాలిరా, నాకు బీపీ లేదు, షుగర్ లేదు, ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను" అన్నారు. మీరు ఆ సీటు దిగకపోతే మేం ఎప్పుడు ఎక్కాలి మావయ్యా అని నేను అందరి ముందే అడిగేశాను. అప్పటినుంచి అత్త నాతో మాట్లాడటం లేదు. నా ట్రైనింగ్ లోనుకి హామీ సంతకం పెట్టింది మావయ్యే, ఆ మాట అమ్మ రోజూ గుర్తుచేస్తోంది.

నా ప్రశ్న ఒక్కటే. 67 వస్తే నా కమాండ్ నిజంగానే రెండేళ్లు వెనక్కి పోతుందా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. పెద్దల్ని గౌరవించాలి లాంటివి వద్దు, అవి ఇంట్లో సరిపడా వింటున్నాను.

బరంపురం_200గంటలు:

అన్నా, నీది కమాండ్ టెన్షన్, నాకు అసలు ఉద్యోగమే లేదు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తీసుకుని 200 గంటలతో ఇంట్లో కూర్చున్నా. టైప్ రేటింగ్, అంటే ఒక్కో రకం విమానానికి విడిగా చేసే ట్రైనింగ్, సొంత డబ్బుతో చేసుకుంటేనే ఇంటర్వ్యూకి పిలుస్తామంటున్నారు, నాన్న ఇంక అమ్మడానికి ఏముంది? పక్క జిల్లా శ్రీకాకుళం నుంచి వెళ్లిన రామ్మోహన్ నాయుడు గారు విమానయాన మంత్రి, రాబోయే 15-20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలన్నారు. మరి నాలాంటివాళ్లని ఎందుకు తీసుకోవట్లేదు? పైవాళ్లు దిగరు, మధ్యవాళ్లు ఎక్కరు, కిందివాళ్లం గేటు బయట. ఇందులో పెద్ద లెక్కేం లేదు.

పర్లాకిమిడి_పాతకెప్టెన్:

జయపురం బాబూ, నేను 65 నిండి దిగినవాణ్ణి, కాబట్టి 67 వచ్చినా నాకు ఒరిగేదేం లేదు. లెక్క అడిగావు, చెప్తాను.

నీ లిస్ట్‌లో నీ పైన 400 మంది కెప్టెన్లు ఉన్నారనుకో. వచ్చే రెండేళ్లలో 65 నిండేవాళ్లు ఎంతమంది? మన దేశంలో ప్రైవేటు కంపెనీలు పెద్దగా పెరిగిందే 2003 తర్వాత, అందుకే నాతో ఎగిరిన కెప్టెన్లలో ఎక్కువమంది ముప్పైల చివర్లోనో నలభైల్లోనో ఉన్నవాళ్లే. సరే, పదిమంది అనుకుందాం. వయసు పెంచితే ఆ పది సీట్లు ఆగుతాయి. అదే రెండేళ్లలో కంపెనీ పది ఏ320లు తెచ్చిందంటే ఒక్కోదానికి సుమారు ఐదారు జతల పైలట్లు కావాలి, అంటే కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లు యాభై అరవై. ఇప్పుడు నీ కమాండ్ దేని మీద ఆధారపడిందో నువ్వే చెప్పు. తెస్తామన్న విమానాలు రాకపోయినా, ఉన్నవాటికి ఇంజన్లు లేక మూల నిలబెట్టినా నీ లిస్ట్ ఆగిపోతుంది. 2023 నుంచి ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల గొడవతో ఎన్ని ఏ320 నియోలు నేలమీద ఉండిపోయాయో నీకు నేను చెప్పాలా? నీకు అడ్డం ఉన్నది 62 ఏళ్ల మావయ్య కాదు నాయనా, 38 ఏళ్ల కెప్టెన్. అతను ఇంకా 27 ఏళ్లు అక్కడే ఉంటాడు, అతని మీద నీకు కోపం లేదు ఎందుకంటే అతను పెళ్లి భోజనాల్లో నీ ఎదుట కూర్చోలేదు.

ఇంకో సంగతి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. అలా ఒక కంపెనీ మూతపడితే అందులోని కెప్టెన్లు పక్క కంపెనీలో నేరుగా కెప్టెన్లుగానే చేరతారు, కమాండ్ కోసం కాచుకున్న కోపైలట్లు చూస్తూ ఉంటారు. నేను పనిచేసిన ఒక కంపెనీ కూడా అలాగే మునిగింది, ఆఖరి నెలల జీతం ఇప్పటికీ రాలేదు. ప్రైవేటు పైలట్‌కి సర్కారు పెన్షన్ లాంటిది ఉండదు, పీఎఫ్ ఒక్కటే. యాభై దాటాక కొత్త కంపెనీలో సీనియారిటీ మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టినవాడు ఇంకో రెండేళ్లు ఎగురుతానంటే అది పదవీ వ్యామోహం అనుకోకు.

అయినా 67కి నేను ఒప్పుకోను. అరవై దాటాక మెడికల్ ఆరు నెలలకోసారి, ఈసీజీ, కళ్లు, చెవులు అన్నీ చూస్తారు, అందులో నేనెప్పుడూ తప్పలేదు. కానీ తెల్లవారుజామున మూడింటికి ల్యాండింగ్ చేసేటప్పుడు ఒళ్లు చెప్పే సంగతి ఆ కాగితంలో రాదు.

బరంపురం అబ్బాయికి: కొరత ఉన్నది కెప్టెన్లకి, నేర్పే ట్రైనర్లకి. 200 గంటలవాళ్లు లైన్‌లో కావలసినంతమంది ఉన్నారు. నిన్ను తీసుకుంటే నీ పక్కన ట్రైనింగ్ కెప్టెన్ కూర్చోవాలి, ఆయన ఎవరంటే మీరంతా దిగిపొమ్మంటున్న ఆ ముసలాయనే.

రాయగడ_మూడుగీతలు:

కెప్టెన్ గారూ, నమస్తే. నేనూ ఫస్ట్ ఆఫీసర్‌నే, మాది రాయగడ. మీ లెక్క కొత్త విమానాలు వస్తూ ఉన్నంత కాలం నిజం. ఆగిపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం కదా. 2007 డిసెంబర్ 13న అక్కడ 60ని 65 చేశారు. తర్వాతి ఏడాదే మాంద్యం. కొత్త విమానాలు లేవు, వయసు నిండి దిగేవాళ్లూ దాదాపు ఐదేళ్లు లేరు. అప్పుడు కోపైలట్లుగా ఉన్నవాళ్లకి ఆ ఏళ్లు తిరిగి రాలేదు, పైగా కొందరి ఉద్యోగాలే పోయాయి. రెండేళ్లే కదా అని తేలిగ్గా అనొద్దు సార్, కెప్టెన్ జీతం రెండేళ్లు ముందు రావడానికీ వెనక రావడానికీ తేడా ఈఎంఐ కట్టేవాళ్లకి తెలుసు. ఆడవాళ్లకి ఇంకాస్త ఎక్కువ తెలుసు. కడుపుతో ఉంటే ఎగరనివ్వరు, గంటలు ఆగుతాయి, కాబట్టి కమాండ్ వచ్చాక పిల్లలు అని వాయిదా వేసుకుంటాం. మా ఇంట్లో నా మామగారు "ఎప్పుడమ్మా" అని అడుగుతున్నది కమాండ్ గురించి కాదు.

ఇందులో ఎవరికీ సిద్ధాంతం లేదు అనేది నా అభిప్రాయం. అమెరికాలో 60 అనే నిబంధన 1959లో వచ్చినప్పుడు పైలట్ల యూనియన్ ఆల్పా దాన్ని వ్యతిరేకించింది. 1980 నాటికి అదే యూనియన్ 60 ఉండాల్సిందే అంది. 2007లో మళ్లీ మనసు మార్చుకుని 65కి సరే అంది. ఇప్పుడు 67 వద్దంటోంది, 2024 చట్టంలో 65 అలాగే ఉండిపోయింది కూడా. కంపెనీలదీ అదే తంతు. 1959లో జెట్‌లు వచ్చిన కొత్తలో పెద్దవాళ్లు త్వరగా నేర్చుకోవట్లేదని దించేయమన్నది కంపెనీ వాళ్లే, ఇప్పుడు ఉంచమంటున్నదీ కంపెనీ వాళ్లే.

ఒక దేశం సొంతంగా పెంచుకున్నా చిక్కే. జపాన్‌లో 2015 నుంచి 67 వరకు ఎగరొచ్చు. కానీ ఐకావో గీత 65 దగ్గరే ఉన్నంతకాలం 66 ఏళ్ల ఆయన వేరే దేశానికి వెళ్లలేరు. అంటే పెద్ద విమానం దిగి దేశంలో తిరిగే చిన్న విమానానికి రావాలి, సీనియారిటీ ఉంది కాబట్టి అక్కడ మంచి డ్యూటీ రోస్టర్ ఆయనకే, ఆయన తోసిన మనిషి ఇంకొకర్ని తోస్తారు, ఆఖరికి ఆ తోపు వచ్చి తగిలేది మాకే. మధ్యలో ప్రతి ఒక్కరికీ మళ్లీ ట్రైనింగ్ ఖర్చు. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ మీద క్రిస్టీ అనే 747 కెప్టెన్ వేసిన కేసు కూడా ఇలాంటిదే, వయసు చూసి తీసేశారని కోర్టుకెళ్తే 1998లో హైకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది, ఎందుకంటే ఆయన్ని రానిచ్చే దేశాలు కొన్నే మిగిలాయి.

సునాబెడ_హాల్_టౌన్‌షిప్:

నేను పైలట్‌ని కాదు, సునాబెడలోని హాల్ (హెచ్‌ఏఎల్) విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో మిగ్ ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నావి, 60కి దిగిపోయాను. ఒక్క మాట. ఆంధ్రాలో 2014లో 58ని 60 చేశారు, 2022లో 62 చేశారు. మా ఒడిశాలోనూ 2014లో 60 అయింది. ప్రతిసారీ గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇదే ఏడుపు ఏడ్చారు, ప్రతిసారీ ఇంట్లో ఉన్న ఉద్యోగస్తుడు లోపల సంతోషపడ్డాడు. ఆ ఇద్దరూ తండ్రీకొడుకులే అయిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. బాబూ, ముందు అత్తకి ఫోన్ చెయ్యి.

జయపురం_కోపైలట్:

అందరికీ థాంక్స్. 38 ఏళ్ల కెప్టెన్ అన్న మాట తగిలింది సార్, మా లిస్ట్ తీసి చూశాను, పైన 60 దాటినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. రాయగడ అక్కా, మీరు చెప్పినదీ కొట్టిపారేయలేను, ఎందుకంటే మా కంపెనీకి ఈ ఏడాది రావాల్సిన విమానాలు సగం కూడా రాలేదు. హాల్ అంకుల్, అత్త ఫోన్ ఎత్తట్లేదు, మావయ్యతో మాత్రం మాట్లాడాను, ఆయన నవ్వి "67 వచ్చినా నేను సిమ్‌లో నీ ఇన్‌స్ట్రక్టర్‌గా వస్తానేమో, జాగ్రత్త" అన్నారు.

అసలు సంగతి ఇది. ఇంకో కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. త్వరగా కమాండ్ ఇస్తామంటున్నారు. వెళ్తే ఇక్కడి సీనియారిటీ పోతుంది, ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. వెళ్లమంటారా?

పర్లాకిమిడి_పాతకెప్టెన్:

"త్వరగా" అన్నది ఆఫర్ లెటర్‌లో ఉందా, నోటిమాటా? నోటిమాటైతే అది నీ పాత కంపెనీ చెప్పిన నాలుగైదేళ్ల లాంటిదే. వాళ్ల విమానాల్లో ఈ రోజు ఎగురుతున్నవెన్ని, నేలమీద ఉన్నవెన్ని కనుక్కో. వాళ్ల దగ్గర ట్రైనింగ్ కెప్టెన్లు ఎంతమంది, పోయిన ఏడాది ఎంతమందికి కమాండ్ ఇచ్చారు అని అక్కడి కోపైలట్లనే అడుగు, హెచ్‌ఆర్‌ని కాదు. నీకు ఇప్పుడు ఆరు నెలలే నోటీసు, కెప్టెన్‌వి అయ్యాక ఏడాది, కాబట్టి ఒక్కసారి ఎక్కాక దిగడం అంత సులువు కాదు. ముందే మానేస్తే కట్టాల్సిన బాండ్ ఎంతో చూసుకో.

రాయగడ_మూడుగీతలు:

బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు ఎక్కడో కూడా అడుగు. వైజాగ్ దగ్గరగా ఇస్తే ఆలోచించు, లేకపోతే నెలకోసారి కూడా జయపురం రాలేవు.