జిప్సం నేలలు: తవ్వుకోవాలా, వదిలేయాలా?

అంబత్తూరు మేస్త్రి:
ఆదివారం మన తెలుగువాళ్ల సమావేశంలో ఒకరు జిప్సం (కాల్షియం సల్ఫేటు ఖనిజం) నేలల జోలికి గనులవాళ్లు పోకూడదన్నారు. నాకు మింగుడు పడలేదు. క్లింకరు, అంటే సిమెంటు బట్టీలో కాలి వచ్చే గడ్డలను, పొడి చేసేటప్పుడు 3 నుంచి 5 శాతం జిప్సం కలపకపోతే, నీళ్లు పడగానే సిమెంటు బిగుసుకుపోతుంది. తాపీ ఆడించే వ్యవధి కూడా ఉండదు. పిచ్చి మొక్కైనా మొలవని తెల్ల నేలను కాపాడి ఏం చేసుకుంటాం?

వేళచ్చేరి పంతులమ్మ:
మొలవదని ఎవరు చెప్పారండీ? స్పెయిన్ జిప్సం గుట్టల మీద హీలియాంథెమమ్ స్క్వామాటమ్ అనే చిన్న పొద ఉంది. మండువేసవిలో మట్టి ఎండిపోయినా అది బతుకుతుంది. జిప్సం బరువులో ఐదో వంతు స్ఫటికంలో బంధించి ఉన్న నీరే. ఆ పొద వేసవిలో తాగేది ఎక్కువగా ఆ నీటినే అని 2014లో తేల్చారు. జిప్సం నేల తప్ప మరొకటి గిట్టని ఇలాంటి మొక్కలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య మట్టిని అంటిపెట్టుకుని లైకెన్ల (బూజు, నాచు కలిసి బతికే జీవుల) పొర ఉంటుంది. ఒక్కసారి లారీ టైరు కింద నలిగితే మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఐరోపా యూనియన్ 1992 ఆవాస రక్షణ చట్టంలో ఈ వృక్షసంపదకు ప్రాధాన్య హోదా ఊరికే ఇవ్వలేదు.

పోరూరు రైతుబిడ్డ:
స్పెయిన్ సంగతి బాగానే ఉంది. మాది అనంతపురం. వేరుశనగ ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది, అందకపోతే తాలుకాయలే. దేశంలో తవ్వితీసే సహజ జిప్సం దాదాపు అంతా రాజస్థాన్‌దే. అక్కడ ఆపితే నష్టపోయేది మా నాన్నలాంటి వాళ్లే.

వేళచ్చేరి పంతులమ్మ:
బాబూ, అంతా ఆపమని నేననలేదు. ఎరువుల కోసం టన్ను ఫాస్ఫారిక్ ఆమ్లం చేస్తే దాదాపు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం, అంటే వ్యర్థంగా వచ్చే జిప్సం, మిగులుతుంది. ఒడిశాలోని పారాదీప్‌లో గుట్టలు పడి ఉన్నాయి. ముందు అది వాడండి.

అంబత్తూరు మేస్త్రి:
వాడతాం గానీ, అందులో భాస్వరం మలినాలుంటే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. కడగాలి, సున్నంతో విరుగుడు చేయాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

తిరువొత్తియూరు విద్యార్థి:
మరి మన పెరంబలూరు దగ్గర కారై సంగతో? అక్కడా జిప్సం మెరుస్తుంది కదా.

వేళచ్చేరి పంతులమ్మ:
అది వేరు. అక్కడిది సముద్రపు బంకమట్టి. జిప్సం దాని పగుళ్లలో పలకలుగా ఉంటుంది, గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. అక్కడ కాపాడవలసింది అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిన, చుట్ట తిరిగిన గుల్ల ఉన్న సముద్రజీవి) శిలాజాలను. రాజస్థాన్ విషయంలో నా మాట ఒక్కటే: గనికి లీజు ఇచ్చేముందు ఆ పైపొరలో ఏం బతుకుతోందో వృక్షశాస్త్రజ్ఞులతో లెక్క తీయించాలి. మేస్త్రిగారూ, కనీసం దానికైనా ఒప్పుకుంటారా?

అంబత్తూరు మేస్త్రి:
లెక్కకు ఒప్పుకుంటాను. దాని పేరుతో లీజును ఏళ్ల తరబడి నానబెడితే మాత్రం ఒప్పుకోను.