అణుయుద్ధం మీద వచ్చిన తొలి చిత్రాల్లో మనిషి చనిపోవడం ఎందుకు కనిపించదు?

సీసపు తలుపు అడిగిన ప్రశ్న:

ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తున్నాను. సినిమాల గురించి నలుగురి ముందు మాట్లాడటం ఇదే మొదటిసారి. పాత చిత్రాలు బాగా చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

పోయిన వారం ఆర్చ్ ఓబోలర్ 1951లో తీసిన 'ఫైవ్' చూశాను. అణుబాంబుల విషధూళి భూమినంతా కమ్మేశాక ఐదుగురే మిగులుతారు. వాళ్లలో ఒక్కతే స్త్రీ, పేరు రోజాన్. ఆమె ఎలా బతికిందో చెప్పే చోట చిత్రాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ సమయానికి ఆమె ఆసుపత్రిలో, సీసం పొదిగిన ఎక్స్‌రే గదిలో ఉంది.

అది నేను రోజూ నిలబడే గది. దాని తలుపు మామూలు తలుపులా మూసుకోదు. లోపల సీసపు రేకు ఉంటుంది కాబట్టి భుజం ఆనించి నెట్టాలి. మూసుకున్నాక బయటి మాటలు ఒక్కసారిగా దూరమైపోతాయి. కొత్తగా చేరిన రోజుల్లో ఆ నిశ్శబ్దానికి నాకు భయం వేసేది. ఆ గదిలోంచి ఒక మనిషి బయటికి వచ్చేసరికి నడవాలో ఎవరూ లేరన్న ఊహ నన్ను రెండు రోజులు వదల్లేదు.

నిజానికి ఆ గది ఆమెను కాపాడేది కాదు. మా గోడల్లో ఉన్న సీసం మందం రెండు మిల్లీమీటర్లు. ఎక్స్‌రేలకు అది చాలు. అణుధూళిలో ఉండే సీజియం-137 నుంచి వచ్చే గామా కిరణాలలో అది ఆపగలిగేది సుమారు ఐదో వంతు మాత్రమే. అలాంటి చోట మనిషిని కాపాడేవి మందపాటి కాంక్రీటు, దూరం, గడిచే సమయం. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కథకు ఆ గది కావాలి, ఒప్పుకున్నాను.

నన్ను బాధపెట్టింది మరొకటి. రోజాన్ తన భర్తను వెతుక్కుంటూ నగరానికి వెళ్తుంది. భవనాలు చెక్కుచెదరలేదు. మనుషులు మాత్రం అస్థిపంజరాలై ఉన్నారు. అంటే బతికున్న మనిషి, తర్వాత ఎముకలు. ఆ రెండింటి మధ్య జరిగేది ఎక్కడ?

వికిరణం వల్ల వచ్చే చావు ఎలా ఉంటుందో మా చదువులో భాగంగా నేర్పుతారు. మొదట వాంతులు. తర్వాత కొన్ని రోజులు మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. తింటాడు, నవ్వుతాడు, గండం గడిచిందనుకుంటాడు. లోపల ఎముకమజ్జ మాత్రం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, జ్వరం వచ్చిందంటే తట్టుకునే శక్తి ఉండదు. చదువుకునేటప్పుడు ఆ మధ్యలోని మంచి రోజుల గురించి విన్నప్పుడే నాకు ఎక్కువ దుఃఖం కలిగింది.

ఆనాటి చిత్రాల్లో ఈ మధ్యభాగం ఎందుకు లేదు? అప్పటికి తెలియదా, చూపనివ్వలేదా, చూపడం ఇష్టం లేదా?

---

పాత రీలు:

మంచి ప్రశ్న అడిగారండి. 'ఫైవ్' నేను నాలుగైదుసార్లు చూశాను. మీరన్న మధ్యభాగం అందులో ఒక్క క్షణం ఉంది. చివర్లో రోజాన్‌తో పెనుగులాడుతుంటే, ఆ ఐదుగురిలో ఒకడైన ఎరిక్ చొక్కా చిరుగుతుంది. తన ఒంటి మీద మచ్చలు చూసుకుని, రోగం తనకూ వచ్చిందని తెలిసి పిచ్చివాడిలా పరుగెత్తుతాడు. అంతవరకు తనకు ఏమీ కాదని విర్రవీగిన మనిషి. మీరు చెప్పిన 'మంచి రోజులు' ఎరిక్‌వే అనుకుని ఒకసారి మళ్లీ చూడండి.

మిగతా చావులను దాచడానికి డబ్బు ఒక కారణం. సుమారు 75 వేల డాలర్లతో తీసిన చిత్రం అది. సాంకేతిక బృందంలో ఎక్కువమంది సినిమా చదువు అప్పుడే ముగించిన కుర్రాళ్లు. ఐదుగురూ తలదాచుకునే కొండమీది ఇల్లు ఓబోలర్ సొంత స్థలంలోనిదే, వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపకల్పన చేసింది. నగరాన్ని కూల్చి చూపించే స్తోమత అక్కడ లేదు. హాలీవుడ్ సెన్సారు నియమావళి కూడా ఒళ్లు జలదరించే దృశ్యాలను సాగనిచ్చేది కాదు.

నాకు ఇంకో కారణం కనిపిస్తుంది. ఓబోలర్ సినిమాకు రాకముందు రేడియో రచయిత. 'లైట్స్ అవుట్' అనే భయానక నాటకాల కార్యక్రమం ఆయనకు పేరు తెచ్చింది. భయంకరమైనది ఏదైనా చెవికి అందించి, మిగతాది వినేవాడి ఊహకు వదిలేయడం ఆయనకు చేతికి అబ్బిన విద్య. అందుకే 'ఫైవ్'లో నాకు గుర్తుండిపోయింది దృశ్యం కాదు, ఒక గొంతు. చార్ల్స్ అనే నల్లజాతి మనిషి జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసిన సృష్టి కవితను చెప్తాడు. లోకం అంతమైపోయిన చోట కూర్చుని, దేవుడు లోకాన్ని ఎలా చేశాడో చెప్తున్నాడు! ఆ తర్వాత అదే చార్ల్స్‌ని ఎరిక్ చంపేస్తాడు. రోగం కన్నా జాతిద్వేషం ముందు చంపిందన్నమాట. ఓబోలర్ చూపించాలనుకున్న చావు అదేనని నా నమ్మకం.

వీలైతే 1959లో వచ్చిన 'ది వరల్డ్, ది ఫ్లెష్ అండ్ ది డెవిల్' చూడండి. అందులో ఎముకలు కూడా లేవు. గనిలో చిక్కుకుపోయి బయటపడ్డ కథానాయకుడు (నల్లజాతి నటుడు హ్యారీ బెలఫాంటే) న్యూయార్క్ చేరేసరికి నగరం మొత్తం ఖాళీ. తెల్లవారుజామున నిజమైన వీధుల్లో తీశారు. అంత పెద్ద నగరంలో ఒక్క శవం లేదేమిటని మీరు తప్పకుండా అడుగుతారు.

---

సీసపు తలుపు:

చెప్పిన రాత్రే చూశాను. ధన్యవాదాలు.

విషధూళి ఐదు రోజుల్లో ప్రమాదం లేకుండా పోతుందని అందులో చెప్తారు. అలాంటి పదార్థాలు ఉన్నాయి. సోడియం-24 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 15 గంటలు. ఐదు రోజులంటే ఎనిమిది అర్ధాయువులు, మొదటి దానిలో 256వ వంతు మిగులుతుంది. కాబట్టి ఆ లెక్క నన్ను ఇబ్బంది పెట్టలేదు. శవాలు ఏమయ్యాయన్నది మాత్రం నిజంగానే ఇబ్బంది పెట్టింది. ఐదు రోజుల్లో ఎవరు తీసుకుపోయారు?

కానీ ఒక దృశ్యం ఉంది. తోడు కోసం అతను దుకాణపు బొమ్మలు రెండింటిని ఇంటికి తెచ్చుకుంటాడు. వాటితో మాట్లాడతాడు. మగబొమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉండటం భరించలేక ఒకరోజు దాన్ని బాల్కనీలోంచి కిందికి తోసేస్తాడు. వీధిలోంచి కేక వినిపిస్తుంది. అతనే దూకేశాడనుకుని అరిచింది సారా. ఇన్నాళ్లూ దాక్కుని అతన్ని గమనిస్తున్న అమ్మాయి. ఆ చిత్రం మొత్తంలో నేలమీద పడి ఉన్న మనిషి ఆకారం ఆ బొమ్మ ఒక్కటే.

జుట్టు కత్తిరించే దృశ్యంలో కూడా చాలాసేపు ఆగిపోయాను. ఆమె అడిగితే అతను కత్తెర పట్టుకుంటాడు, చేతులు సరిగా సాగవు. లోకంలో ఇద్దరే ఉన్నా నల్లవాడు తెల్ల అమ్మాయిని తాకడం అంత కష్టంగా ఉంది. చావునూ చూపలేదు, కౌగిలినీ చూపలేదు. రెండింటికీ ఒకే భయం కారణమని నాకు అనిపించింది. తప్పయితే చెప్పండి.

---

తెల్ల బూడిద:

తప్పేమీ కాదు. అయితే "అప్పటికి తెలియదా" అన్న మీ మొదటి అనుమానానికి సమాధానం ఇంకా రాలేదు. తెలుసు. అమెరికన్ విలేకరి జాన్ హెర్సీ హిరోషిమా కథనం 1946 ఆగస్టులోనే 'ది న్యూయార్కర్' పత్రిక సంచిక మొత్తం నింపుకుని వచ్చింది. మీరు చెప్పిన వాంతులు, రాలే జుట్టు, తేరుకున్నట్టే ఉండి పడిపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఓబోలర్ చిత్రానికి ఐదేళ్ల ముందు మాట.

చదవడానికి దొరికింది గానీ చూడటానికి దొరకలేదు. బాంబు పడ్డాక 1945లో జపాన్ ఛాయాగ్రాహకులు తీసిన రీళ్లను అమెరికా సైన్యం తీసుకుపోయింది. వాటి ప్రతి జపాన్‌కు తిరిగి వచ్చింది 1967లో. చలనచిత్ర చరిత్రకారుడు ఎరిక్ బార్నౌ వాటిలోంచి 16 నిమిషాల చిత్రం కూర్చి అమెరికాలో చూపించింది 1970లో. ఇరవై ఐదేళ్లు! 'ఫైవ్', 'ఆన్ ది బీచ్' లాంటివి తీసినవాళ్ల ముందు ఆ దృశ్యాలే లేవు. నగరం ఖాళీగా ఉండటానికి అది కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు వెతుకుతున్నది జపాన్ చిత్రాల్లో ఉంది. జపాన్‌లో అమెరికా ఆక్రమణ పాలన 1952 ఏప్రిల్‌లో ముగిసింది, దానితో బాంబు గురించి చూపనివ్వని సెన్సారు కూడా పోయింది. ఆ ఏడాదే కానెతో షిందో 'చిల్డ్రన్ ఆఫ్ హిరోషిమా' తీశారు. షిందో హిరోషిమా ప్రాంతంలో పుట్టినవారు. మరుసటి ఏడాది హిదెయో సెకిగావా 'హిరోషిమా' తీశారు. అందులో ఆ ఊరి ప్రజలే వేల సంఖ్యలో నటించారు. బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ ఆ రోజును నటించడం ఎలాంటిదో ఆలోచించండి. రెండింటికీ సంగీతం అకిరా ఇఫుకుబే. 1954లో గాడ్జిల్లాకు సంగీతం ఇచ్చింది కూడా ఆయనే.

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిగినప్పుడు ఒక జపాన్ చేపల పడవ మీద తెల్లటి బూడిద కురిసింది. అందులో ఉన్నది 23 మంది. రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయారు. ఆయన పోవడానికి ఆరు నెలలు పైగా పట్టింది. మీ మధ్యభాగం అది.

---

నీలి తెర:

పై వారితో కొంత విభేదిస్తున్నాను. శవాలు లేనంత మాత్రాన అది దాచడం కాదు. స్టాన్లీ క్రేమర్ 1959లో తీసిన 'ఆన్ ది బీచ్'లో, అణుయుద్ధం తర్వాత ఆస్ట్రేలియా నుంచి బయల్దేరిన జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో చేరినప్పుడు పెరిస్కోపులో కనిపించేవి ఖాళీ వీధులే. ఆ ఊరివాడైన స్వేన్ అనే నావికుడు ఈదుకుంటూ ఒడ్డుకు వెళ్లిపోతాడు. తిరిగి రానివ్వరని అతనికి తెలుసు. మరునాడు పొద్దున అతను చేపలు పడుతుంటాడు, కెప్టెన్ లౌడ్‌స్పీకరులో అతనితో మాట్లాడతాడు. ఇద్దరూ ఎంతో మామూలుగా మాట్లాడుకుంటారు. సీసపు తలుపు గారూ, మీరు చెప్పిన 'మంచి రోజు' ఇది కాదా? చావు అతని లోపల మొదలైపోయింది. మనకు కనబడేది గాలం, నీళ్లు, ఎండ.

శాన్ డియేగో నుంచి వస్తున్న టెలిగ్రాఫు సంకేతం కోసం అంత దూరం వెళ్తే, అక్కడ టెలిగ్రాఫు మీట దగ్గర కనబడింది కిటికీ తెర తాడుకు చిక్కుకున్న కోకాకోలా సీసా. గాలి వీచినప్పుడల్లా అది మీటను కదుపుతోంది. ఎవరో బతికి ఉన్నారన్న ఆశ అక్కడితో ముగిసింది. నాకు వంద శవాలు చూసినా అంత బాధ కలిగేది కాదు.

---

పాత రీలు:

నీలి తెర గారి మాట కాదనలేను. కానీ రెండో వైపు కూడా ఒకటి చూడాలి. 1965లో బ్రిటన్‌లో పీటర్ వాట్కిన్స్ 'ది వార్ గేమ్' తీశారు. నిడివి 47 నిమిషాలు. నటులు చాలావరకు మామూలు జనం. అందులో ఒక బకెట్టు ఉంటుంది, నిండా పెళ్లి ఉంగరాలు. శవాలను కాల్చే ముందు, ఎవరెవరో తర్వాత గుర్తుపట్టడానికి తీసి పెట్టినవి. దాన్ని కెమెరా దగ్గరగా చూపిస్తుంది. తీయించిన బీబీసీయే అది మరీ భయంకరంగా ఉందని ప్రసారం ఆపేసింది. థియేటర్లలో ఆడి, డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ గెలిచింది. బీబీసీ టీవీలో వచ్చింది మాత్రం 1985లో. చూపాలన్న మనిషి ఉన్నా చూపనివ్వని చెయ్యి ఒకటి ఉంటుంది. మీ మూడు ప్రశ్నల్లో రెండోదానికి ఇదే నా జవాబు.

---

సీసపు తలుపు:

అందరికీ కృతజ్ఞతలు. నీలి తెర గారూ, గాలం పట్టుకున్న ఆ నావికుడి గురించి మీరు చెప్పింది సరైన మాట. నేను లక్షణాలు వెతికాను. అవి లేకపోయేసరికి ఏమీ లేదనుకున్నాను. ఎరిక్ చొక్కా చిరిగే చోటు కూడా మళ్లీ చూశాను. మొదటిసారి దాన్ని పోట్లాటగానే చూసి వదిలేశాను.

నిన్న 'చిల్డ్రన్ ఆఫ్ హిరోషిమా' పూర్తి చేశాను. ఒక ఉపాధ్యాయిని కొన్నేళ్ల తర్వాత ఆ ఊరికి వచ్చి, తన దగ్గర చదువుకున్న పిల్లల్లో మిగిలినవాళ్లను వెతుక్కుంటుంది. దారిలో అడుక్కుంటున్న ఒక ముసలాయనను గుర్తుపడుతుంది. వాళ్లింట్లో పనిచేసినవాడు. ముఖం కాలిపోయింది, చూపు దాదాపు లేదు. మనవడు అనాథాశ్రమంలో ఉన్నాడు. బాంబు పడి అప్పటికే ఏళ్లు గడిచాయి. ఆ బాంబుకు ఆయన చావలేదు, ఆ రోజు ఆయనకు ఇంకా ముగియలేదు. నేను వారాలలో లెక్కపెట్టిన మధ్యభాగం ఆయనకు ఏళ్లుగా సాగుతోంది.

'ది వార్ గేమ్' ఈ ఆదివారం చూస్తాను. ఉంగరాల బకెట్టు గురించి ముందే చెప్పడం మంచిదైంది. మా గదిలోకి వచ్చేవాళ్లు లోహం ఏదైనా ఉంటే తీసి పక్కన పెట్టాలి. వేలికి బిగిసిపోయిన ఉంగరాలను నేను రోజూ నా చేతులతో తీస్తాను, పని అయ్యాక మళ్లీ తొడుగుతాను.