పోకర్ మాటలు: టేబుల్ దగ్గర కూర్చునే ముందు ఏవి తెలిసి ఉండాలి?

కొత్తచిప్:

అందరికీ నమస్తే. వచ్చే శనివారం ఫ్రెండ్స్ టెక్సస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ఉండే పోకర్) ఆడదామంటున్నారు. డబ్బులు పెట్టి కాదు, ఒట్టి చిప్స్‌తోనే. రమ్మీ బాగానే ఆడతాను కాబట్టి ముక్కలు నాకు కొత్త కాదు. పెయిర్ నుంచి రాయల్ ఫ్లష్ దాకా ఏది దేనికంటే పెద్దదో కూడా బట్టీ పట్టేశాను. ఇబ్బందల్లా మాటలతోనే. వీడియోల్లో కామెంటరీ చెప్పేవాళ్లు "అండర్ ద గన్ ఓపెన్ చేశాడు, బటన్ ఫ్లాట్ చేశాడు, ఫ్లాప్‌లో సెట్ తగిలింది, రివర్‌లో నట్స్" అంటూ పోతారు. సగం కూడా బుర్రకెక్కదు. అర్థాలు ఇచ్చే పేజీలు తెరిస్తే మాటలన్నీ అక్షరక్రమంలో ఉంటాయి తప్ప ఏది ముఖ్యమో తెలియదు.

ముందు ఏవి నేర్చుకోవాలి? సెట్, ట్రిప్స్ రెండూ ఒకే అంకె ముక్కలు మూడే కదా, రెండు పేర్లెందుకు? ఎవరైనా తన చిప్స్ అన్నీ పెట్టేస్తే మిగతావాళ్ల లెక్క ఎలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇస్పేటు ఆసు:

మా ఫ్రెండ్స్ ఆడేటప్పుడు ఎక్కువగా ముక్కలు పంచేది నేనే, తగాదా వస్తే తీర్చేదీ నేనే. ఆ అనుభవంతో చెబుతున్నాను. పోకర్ మాటల్లో కొన్ని ఉత్త పేర్లు. అవి తెలియకపోయినా ఆట ఆగదు. కొన్ని మాత్రం నోట్లోంచి వచ్చాయంటే ఆట ఆడేసినట్టే. మీ వంతు వచ్చాక "కాల్" అన్నారంటే, చిప్స్ మీద చెయ్యి వేయకపోయినా కాల్ అయిపోయింది. "రెయిజ్" అన్నాక వద్దులే అనడానికి లేదు. అందుకే ముందు ఈ రెండో రకం నేర్చుకోండి. ఉన్నవి కొన్నే.

మీ ముందు ఎవరూ ఏమీ పెట్టకపోతే మీరు చెక్ అనొచ్చు, అంటే ఏమీ పెట్టకుండా వంతు దాటించడం. లేదా బెట్ పెట్టొచ్చు. ఎవరైనా బెట్ పెట్టాక ఇక చెక్ ఉండదు. అంతే పెడితే కాల్, ఇంకా పెంచితే రెయిజ్, ముక్కలు వదిలేస్తే ఫోల్డ్. ఉన్నదంతా పెడితే ఆల్-ఇన్. చాలామంది కొత్తవాళ్లు ముక్కలు బాగాలేవని, ఎవరూ బెట్ పెట్టకుండానే ఫోల్డ్ చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. చెక్‌కి ఖర్చు లేదు, తర్వాతి ముక్క ఊరికే చూడొచ్చు.

రెయిజ్ దగ్గరే తగాదాలన్నీ వస్తాయి. "నీ 30 కాల్ చేస్తున్నా... ఇంకో 50 పెంచుతున్నా" అంటే చెల్లదు. దాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. మొదట అన్న కాల్ మాత్రమే నిలుస్తుంది. ఎందుకంటే "కాల్" అని ఎదుటివాడి ముఖం చూసి, అక్కడ కనిపించినదాన్నిబట్టి పెంచడం అన్యాయం. ఇంకొకటి. బెట్ 30 ఉన్నప్పుడు ఏమీ మాట్లాడకుండా 100 చిప్ ఒక్కటి వేస్తే అది కాల్ కిందే లెక్క, 70 వెనక్కి వస్తుంది. పెంచాలనుకుంటే ముందు నోటితో "రెయిజ్" అనాలి, ఆ తర్వాతే చిప్. నన్నడిగితే శనివారానికి ఈ ఒక్క అలవాటు చేసుకోండి చాలు: ముందు మాట, తర్వాత చెయ్యి.

మిగతా పేర్లు ఒక ఆట నడిపిస్తూ చెబుతాను. ఆరుగురు కూర్చున్నారు. డీలర్ స్థానాన్ని చూపించే గుండ్రటి బిళ్లే బటన్. ప్రతి ఆటకీ అది ఎడమవైపు ఒక్కో మనిషి దగ్గరికి జరుగుతుంది. ఈసారి మీ దగ్గరుంది. మీ ఎడమ పక్కన ఉన్నవాళ్లు స్మాల్ బ్లైండ్, 5 చిప్స్ పెట్టాలి. ఆ పక్కవాళ్లు బిగ్ బ్లైండ్, 10 పెట్టాలి. ముక్కలు చూడకముందే పెట్టి తీరాల్సినవి ఇవి. ఇవి లేకపోతే అందరూ ఆసుల జత వచ్చేదాకా ఫోల్డ్ చేస్తూ కూర్చుంటారు, ఆట కదలదు. బిగ్ బ్లైండ్ పక్క సీటు అండర్ ద గన్. అందరికంటే ముందు నిర్ణయం చెప్పాల్సింది వాళ్లే కాబట్టి అది కష్టమైన చోటు.

మీ చేతికి వచ్చిన రెండు ముక్కలు హోల్ కార్డ్స్. ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ వచ్చాయనుకుందాం. అండర్ ద గన్ ఫోల్డ్. ఆ పక్కవాడు 30కి రెయిజ్ చేశాడు. మొట్టమొదట పెంచాడు కాబట్టి దాన్నే ఓపెన్ అంటారు. ఇక్కడ పెరిగింది 20 కాబట్టి దీనిమీద ఎవరైనా మళ్లీ పెంచాలంటే కనీసం 50కి పెంచాలి. తర్వాతివాడు ఫోల్డ్. మీరు పెంచకుండా కాల్ మాత్రమే చేశారు, అదే మీరు విన్న ఫ్లాట్. స్మాల్ బ్లైండ్ ఫోల్డ్, బిగ్ బ్లైండ్ ఇంకో 20 వేసి కాల్. మధ్యలో చేరిన చిప్స్ పాట్. ఇప్పుడది 95.

డీలర్ పైముక్క ఒకటి బోర్లా పక్కన పెడతాడు. అది బర్న్ కార్డ్. పైముక్క మీద ఏదైనా గుర్తు ఉండి ఎవరైనా పోల్చుకున్నా లాభం లేకుండా ఈ ఏర్పాటు. తర్వాత మూడు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తాడు. అదే ఫ్లాప్. ఇస్పేటు రాజు, ఇస్పేటు ఏడు, ఆఠీను నాలుగు వచ్చాయి. మీకు ఇస్పేట్లు నాలుగయ్యాయి, ఇంకొకటి పడితే ఫ్లష్, అంటే ఒకే రంగు ముక్కలు ఐదు. ఈ ఎదురుచూపుకే ఫ్లష్ డ్రా అని పేరు. ఇక్కణ్నుంచి ముందు చెప్పాల్సింది బటన్‌కి ఎడమవైపు ఉన్నవాళ్లు, చివరన చెప్పేది మీరు. ఆ సౌకర్యాన్ని పొజిషన్ అంటారు. అందరూ ఏం చేశారో చూశాక నిర్ణయించుకోవడం చాలాసార్లు మంచి ముక్కల కంటే విలువైనది.

బిగ్ బ్లైండ్ చెక్ అన్నాడు. ముందు రెయిజ్ చేసినవాడే మళ్లీ 45 పెట్టాడు. ఇది కంటిన్యుయేషన్ బెట్, కామెంటరీలో సీ-బెట్ అంటారు. మీరు కాల్, బిగ్ బ్లైండ్ ఫోల్డ్. పాట్ 185. నాలుగో ముక్క టర్న్: కళావరు తొమ్మిది. అతను 100 పెట్టాడు, మీరు మళ్లీ కాల్. పాట్ 385. ఐదో ముక్క రివర్: ఇస్పేటు మూడు. ఫ్లష్ పడింది, అదీ ఆసుతో. బల్ల మీద రాజు, ఏడు, నాలుగు, తొమ్మిది, మూడు ఉన్నాయి. జత లేదు, కాబట్టి ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) గానీ ఫోర్ ఆఫ్ ఎ కైండ్ (ఒకే అంకెవి నాలుగు) గానీ ఎవరికీ కుదరదు. ఇస్పేట్లలో స్ట్రెయిట్ ఫ్లష్‌కీ (ఒకే రంగులో వరసగా ఐదు) దారి లేదు. మిమ్మల్ని ఓడించే చెయ్యి, అంటే ముక్కల కూర్పు, అసలు లేదు. నట్స్ అంటే ఇదే. ఉన్న పోకర్ మాటలన్నిట్లో నాకు నచ్చేది ఇదే. రివర్ పడగానే "ఈ బల్లకి నట్స్ ఏది?" అని మనసులో వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు చూస్తుండగానే ఎదుగుతారు.

సెట్, ట్రిప్స్ గురించి. చేతిలో ఎనిమిదుల జత ఉండి బల్ల మీద ఇంకో ఎనిమిది పడితే సెట్. చేతిలో ఒక ఎనిమిది ఉండి బల్ల మీద రెండు పడితే ట్రిప్స్. బలం ఒకటే, దాగి ఉండటంలోనే తేడా. ట్రిప్స్‌కి బల్ల మీది జత అందరికీ కనిపిస్తుంది, జాగ్రత్త పడతారు. సెట్ మీ చేతిలో ఉందని ఎవరికీ అనుమానం రాదు. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో సెట్ లేదా అంతకంటే మంచిది తగిలే అవకాశం దాదాపు 12 శాతం, ఎనిమిది సార్లకు ఒకసారి కన్నా కొంచెం తక్కువ.

లెక్కలమాస్టారు:

ఇస్పేటు ఆసు గారూ, ఆట నడిపించి చెప్పడం బాగుంది. కానీ ఆ టర్న్ కాల్ దగ్గర నేను ఆగుతాను. అసలు నేర్చుకోవాల్సిన రెండు మాటలు అక్కడే ఉన్నాయి: ఔట్స్, పాట్ ఆడ్స్.

ఔట్స్ అంటే మన చెయ్యి గెలిచేలా చేసే మిగిలిన ముక్కలు. ఇస్పేట్లు 13, కనిపించినవి 4, మిగిలినవి 9. టర్న్ తర్వాత మనం చూడని ముక్కలు 46. అంటే రివర్‌లో ఇస్పేటు పడే అవకాశం 46కి 9, సుమారు 19.6 శాతం. (ఆసు పడినా గెలవొచ్చు, కానీ ఎదుటివాడికి రెండు జతలో సెట్టో ఉంటే అది పనికిరాదు. అందుకే పక్కన పెడుతున్నాను.)

ఇప్పుడు పాట్ ఆడ్స్. 185 ఉన్న పాట్‌లో అతను 100 వేశాడు, 285 అయింది. మీరు 100 వేస్తే మొత్తం 385. మీ వాటా అందులో 26 శాతం. గెలిచే అవకాశం 19.6. లెక్కప్రకారం నష్టం. అయినా కాల్ ఎలా సమర్థించుకోవచ్చంటే, ఇస్పేటు పడ్డాక అతని దగ్గర్నుంచి ఇంకా రాబట్టగలగాలి. దీన్ని ఇంప్లయిడ్ ఆడ్స్ అంటారు. ఈ చేతికి రివర్‌లో సగటున ఇంకో 126 చిప్స్ వస్తేనే లెక్క సరిపోతుంది. అతని ముందు 60 చిప్సే మిగిలి ఉంటే ఫోల్డ్ చేయాలి. ఎదుట ఎంత స్టాక్ (అతని ముందున్న చిప్స్) ఉందో చూడకుండా "ఫ్లష్ డ్రా ఉంది కదా" అని కాల్ చేయడం తప్పు.

టేబుల్ దగ్గర భాగహారాలు చేయక్కర్లేదు. ఒక్క ముక్క రావాల్సి ఉంటే ఔట్స్‌ని 2తో, రెండు ముక్కలూ ఖర్చు లేకుండా చూడగలిగితే 4తో గుణించండి. 9 ఔట్స్‌కి 18, 36 వస్తాయి. అసలు విలువలు దాదాపు 19, 35. ఔట్స్ బాగా ఎక్కువైతే 4తో గుణకారం కాస్త పెంచి చూపిస్తుంది: 15 ఔట్స్‌కి 60 అంటుంది, నిజానికి 54.

కొత్తచిప్:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నట్స్ ఇప్పుడు బాగా అర్థమైంది. ఆల్-ఇన్ సంగతి ఇంకా మిగిలింది. కిక్కర్ అనేది కూడా చెప్పరా? ఇద్దరికీ ఆసుల జతే ఉన్నా ఒకరికే పాట్ ఇచ్చేశారు ఒక వీడియోలో.

ఇస్పేటు ఆసు:

మాస్టారి లెక్క సరైనదే. నా ఉదాహరణలో స్టాక్స్ పెద్దవనుకునే కాల్ చేయించాను, ఆ షరతు మాస్టారు చెప్పడం మంచిదైంది.

ఆల్-ఇన్: మీ దగ్గర 50 ఉన్నాయి, అన్నీ పెట్టేశారు. మిగతా ఇద్దరూ చెరో 200 పెట్టారు. మీరు ఒక్కొక్కరి దగ్గర గెలవగలిగేది 50 మాత్రమే. కాబట్టి మూడు 50లు, అంటే 150 మెయిన్ పాట్. వాళ్లిద్దరి మిగిలిన 150లూ కలిపి 300 సైడ్ పాట్, అందులో మీకు వాటా లేదు. మీ చెయ్యి అన్నిటికంటే పెద్దదైతే 150 మీకు, వాళ్లిద్దరిలో పెద్ద చెయ్యి ఎవరిదో వాళ్లకి 300. పంచేటప్పుడు ముందు సైడ్ పాట్ తేల్చి ఆ తర్వాత మెయిన్ పాట్ చూడండి, గందరగోళం ఉండదు.

కిక్కర్: హోల్డెమ్‌లో ఎప్పుడూ అత్యుత్తమమైన ఐదు ముక్కలే లెక్క. బల్ల మీద ఆసు, రాణి, ఏడు, ఐదు, రెండు. ఒకరికి ఆసు-రాజు, ఇంకొకరికి ఆసు-తొమ్మిది. ఇద్దరికీ ఆసుల జతే. కానీ మొదటివారి ఐదు ముక్కలు ఆసు, ఆసు, రాజు, రాణి, ఏడు. రెండోవారివి ఆసు, ఆసు, రాణి, తొమ్మిది, ఏడు. జత తర్వాత మొదటివారి రాజు రెండోవారి రాణి కంటే పెద్దది. ఆ రాజే కిక్కర్. అదే బల్ల మీద ఆసు, రాజు, జాకీ, తొమ్మిది, ఏడు ఉండి ఒకరికి ఆసు-నాలుగు, ఇంకొకరికి ఆసు-మూడు వస్తే? ఇద్దరికీ ఆసు, ఆసు, రాజు, జాకీ, తొమ్మిదే. నాలుగు, మూడు లెక్కలోకే రావు. పాట్ సగం సగం, చాప్ అంటారు.

రివర్ రాణి:

ఆలస్యంగా చూశాను. మనసుకి సంబంధించిన మాటలు ఎవరూ చెప్పలేదు, అవీ చెప్పాలి. ఆసుల జతతో రాజుల జత మీద ఆల్-ఇన్ పెడితే సుమారు ఐదులో నాలుగుసార్లు మీరే గెలుస్తారు. ఐదోసారి రాజు పడి ఓడితే అది బ్యాడ్ బీట్. అదే రాజుల జత మీ చేతిలో ఉండి, ఆసుల జత ఎదుటివాళ్ల దగ్గరుంటే అది కూలర్. అంత మంచి చెయ్యి ఎవరూ వదలరు, అక్కడ మీరు వేరేగా ఆడటానికీ ఏమీ లేదు. ఈ రెండిటి తర్వాత కోపంతో అడ్డదిడ్డంగా ఆడటమే టిల్ట్. అది పట్టిందని గమనిస్తే రెండు మూడు ఆటలు లేచి బయట కూర్చోండి. నేను అలాగే చేస్తాను.

వీడియోల్లో శాటిలైట్ అని కూడా వింటారు. పెద్ద టోర్నమెంట్‌లో సీటు బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంట్ అది. 2003లో క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ శాటిలైట్ గెలిచి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడు. పది-రెండు చేతిని "డాయిల్ బ్రన్సన్" అంటే ఆశ్చర్యపోకండి. ఆయన 1976, 1977 రెండేళ్లూ అదే మెయిన్ ఈవెంట్ ఆఖరి ఆట ఆ రెండు అంకెల ముక్కలతోనే గెలిచారు. మీరు మాత్రం ఆ చేతిని ఫోల్డ్ చేయండి.

కొత్తచిప్:

అందరికీ ధన్యవాదాలు. ఒక్కటే చివరి ప్రశ్న. ఆఖర్లో ముక్కలు ముందు ఎవరు చూపించాలి?

ఇస్పేటు ఆసు:

దాన్ని షోడౌన్ అంటారు. రివర్‌లో చివరగా బెట్ గానీ రెయిజ్ గానీ చేసినవాళ్లు ముందు చూపించాలి. అందరూ చెక్ అంటే బటన్‌కి ఎడమవైపు ఆటలో మిగిలిన మొదటివాళ్లు. ఓడామని తెలిస్తే చూపించకుండా బోర్లా వదిలేయొచ్చు, అది మక్. కానీ పాట్ మీ చేతికి వచ్చేదాకా మీ ముక్కలు వదలకండి. మక్‌లో కలిసిన చెయ్యి మామూలుగా చచ్చినట్టే, అది నట్స్ అయినా సరే. రెండు ముక్కలూ బల్ల మీద తెరిచి పెట్టండి, ఎవరిది పెద్దదో అందరూ చూసి చెబుతారు.