జాగుచేయక వచ్చును: అదా, ఆయనా?

ఒంగోలు మనవడు:
మా అమ్మమ్మ నోట్లో ఎప్పుడూ ఆడే మాట ఒకటుంది. "ఆలస్యమైనా కనిపెట్టు, జాగుచేయక వచ్చును." వాకిలి ఊడుస్తూ అనేది, చింతపండు పిసుకుతూ అనేది. మా చిన్న మామయ్య గొడవపడి ఇల్లు వదిలి వెళ్లి 22 ఏళ్లు. ఆ మాట అతని గురించేనని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. పోయిన నెల ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లింది. సమాధి రాయి మీద ఈ మాటే చెక్కిద్దామనుకుంటే బైబిల్లో అచ్చం ఇలా లేదు. హబక్కూకు 2:3లో "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము, అది తప్పక జరుగును, జాగుచేయక వచ్చును" అని ఉంది. అమ్మమ్మ మాటలో 'అది' లేదు, 'దానికొరకు' లేదు. పాత అనువాదాల్లో ఎక్కడైనా ఆమె అన్నట్టే ఉందా? రాయి చెక్కే మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు.

చెదపురుగు:
పాత అనువాదం సంగతి తర్వాత చూద్దాం. ఆలస్యముగా వచ్చినను అని, అదే ఊపిరిలో జాగుచేయక వచ్చును అంటాడేమిటండీ? ఆలస్యం అయ్యాక జాగు కాకుండా ఎలా ఉంటుంది? నాకు తోచింది ఇది. ఆలస్యం అవుతుంది, జాగు చేస్తారు. బస్సు ఆలస్యమైంది అంటాం, బస్సు జాగు చేసింది అనం. జాగుకు ఒక మనిషి కావాలి, ఆ మనిషికి కావాలని చేసే బుద్ధి ఉండాలి. అంటే మనకు ఆలస్యంగా కనిపిస్తుంది గానీ అవతల ఎవరూ కావాలని నాన్చడం లేదని అర్థం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టినవాడికి చెవి ఉంది.

సండేస్కూల్ మాస్టారు:
బాగుంది. హీబ్రూ మూలంలోనూ రెండు వేరు వేరు క్రియలే. మొదటిది 'మహ్‌మహ్', పలుకుతుంటేనే కాళ్లు ఈడుస్తున్నట్టుంటుంది. లోతు సొదొమ వదల్లేక వెనకాడినప్పుడు ఆదికాండము 19:16లో పడింది ఇదే. అక్కడ మనవాళ్లు "అతడు తడవు చేసెను" అన్నారు. రెండోది 'అఖర్', వెనకబడటం, గడువు దాటిపోవడం. వచనం మొదట్లోనే "ఆ దర్శనవిషయము నిర్ణయకాలమున జరుగును" అనేశాడు కదా. ఎంత నెమ్మదిగా నడిచినా ఆ గడువు దాటదని భావం.

చెదపురుగు:
అంటే జాగు = అఖర్. చూశారా, నా ఊహ నిలబడింది.

కడప టీచరమ్మ:
నిలబడలేదు సార్. 40వ కీర్తన చివరి వచనం తీయండి, "నా దేవా, ఆలస్యము చేయకుము." అక్కడ మూలంలో ఉన్నదీ ఆ అఖరే. మరి దాన్ని ఆలస్యం చేశారు, జాగు చేయలేదు! పైగా మీరు ఆలస్యం 'అవుతుంది' అన్నారు, ఇక్కడ ఆలస్యం 'చేస్తున్నారు'. రెండో పేతురు 3:9 కూడా చూడండి. "కొందరు ఆలస్యమని యెంచుకొనునట్లు ప్రభువు తన వాగ్దానమును గూర్చి ఆలస్యము చేయువాడు కాడు." ఒకే వాక్యంలో రెండుసార్లు ఆలస్యమే. మీ లెక్క ప్రకారం రెండోది జాగు కావాలి.

చెదపురుగు:
పేతురు పత్రిక గ్రీకు అమ్మా, అది వేరే లెక్క. కీర్తన మాత్రం దెబ్బే, ఒప్పుకుంటున్నా.

జర ఆగు:
జాగు అంటే జర ఆగు. అయిపోయింది. ఇంత టెన్షన్ ఎందుకు?

సండేస్కూల్ మాస్టారు:
తమ్ముడూ, మీ పేరు పెట్టుకున్నప్పటి నుంచీ ఈ జోక్ దాచి ఉంచినట్టున్నారు.

కడప టీచరమ్మ:
ఇంత మాట్లాడి 'కనిపెట్టు' జోలికి ఎవరూ పోలేదేం? మా క్లాసులో ఒక పిల్లవాడు "యెహోవాకొరకు కనిపెట్టుకొనియుండుము" చదివి, టీచర్, దేవుణ్ణి కూడా బల్బులాగా కనిపెట్టారా అన్నాడు. నవ్వాను గానీ రాత్రంతా అదే తిరిగింది. ఇల్లు కనిపెట్టుకుని ఉండు, చంటిదాన్ని కాస్త కనిపెట్టుకో అని మనమింకా అంటాం కదా. ఎదురుచూడటం వేరు, కనిపెట్టుకోవడం వేరు. ఎదురుచూసేవాళ్ల కళ్లు వీధి గుమ్మం మీద ఉంటాయి. కనిపెట్టుకునేవాళ్లకు చేతిలో పని కూడా ఉంటుంది.

సండేస్కూల్ మాస్టారు:
హబక్కూకు అక్కడున్నదీ ఆ పని మీదే. రెండో అధ్యాయం మొదటి వచనం, "నా కావలి స్థలముమీదను గోపురముమీదను కనిపెట్టుకొని యుందుననుకొనగా." కాపలా డ్యూటీ. అంతకుముందు "నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" అని దేవుడితో జగడం వేసుకున్నాడు, తర్వాత వెళ్లి కావలి ఎక్కాడు. 130వ కీర్తనలో కూడా కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా అని వస్తుంది. రాత్రి కాపలా కాసినవాడికి తెల్లారుతుందా లేదా అన్న అనుమానం ఉండదు. ఎప్పుడన్నదే బాధ.

పాత మిషన్ కాంపౌండు:
ఒంగోలు అన్నారు గనుక ఒక మాట. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జువెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అప్పటికి అమెరికాలో వాళ్ల బోర్డు తెలుగు మిషన్ మూసేద్దామనే ఆలోచనలో ఉంది. ఆ సేవకుడిగా క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866. పన్నెండేళ్లు! 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ కొండ ఇప్పటికీ ప్రార్థన కొండే. మీ అమ్మమ్మ ఆ వాక్యం అక్కడి నుంచే పట్టుకుని ఉంటారు. జువెట్ తెలుగు బైబిలు పనిలోనూ ఉన్నాడు కాబట్టి 'జాగు' ఆయన చేతి మాటేనని నా నమ్మకం.

చెదపురుగు:
జువెట్ చెయ్యి పడింది కొత్త నిబంధన మీద. హబక్కూకు పాత నిబంధన. ఇక 1878 చెప్పేటప్పుడు ముందున్న 1876-78 నాటి ధాత కరువు కూడా చెప్పాలి. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. ఎదురుచూపు ఫలించిందని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ రెండేళ్ల ఆకలి ఎటు పోయింది?

పాత మిషన్ కాంపౌండు:
కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, అదీ చెప్పండి మరి. అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. జాగు చేసింది దొరే!

మత్తేభం:
మీరంతా కొండలెక్కుతున్నారు. తెలుగులో ఎదురుచూపంటే ఒక్కటే పద్యం. కృష్ణుడికి కబురిచ్చి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి ద్వారకకు పంపి రుక్మిణి పడే యాతన.
ఘనుడా భూసురుడేగెనో నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో
విని కృష్ణుండది తప్పుగా దలచెనో విచ్చేసెనో యీశ్వరుం
డనుకూలింప దలంచునో తలపడో యార్యామహాదేవియున్
నను రక్షింప నెఱుంగునో యెఱుగదో నా భాగ్యమెట్లున్నదో
ఆ 'నో'లు లెక్కపెట్టండి. ఒక్కో 'నో' ఒక్కో అడుగు, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చినట్టు. మధ్యలో 'విచ్చేసెనో' అని ఒక్క చోట ఆశ తొంగి చూసి మళ్లీ మునుగుతుంది. పోతన తప్ప ఇంకెవరు రాస్తారండీ?

కడప టీచరమ్మ:
'కృష్ణుండిది' కదండీ. మా నాన్నగారు అలాగే చదివేవారు.

మత్తేభం:
'అది'. రుక్మిణి కబురు అక్కడ ద్వారకలో ఉంది, ఆమె ఇక్కడ విదర్భలో ఉంది. దూరాన ఉన్నదాన్ని అది అంటాం.

కడప టీచరమ్మ:
కబురు ఆమె గుండెలో ఉంది. తాను చేసిన సాహసాన్ని తానే తలుచుకుంటోంది. ఇది.

చెదపురుగు:
రెండు లఘువులే, గణం దేనికైనా ఒప్పుకుంటుంది. ఛందస్సు మీ ఇద్దరినీ కాపాడదు.

సండేస్కూల్ మాస్టారు:
ఈ అది-ఇది గొడవ చూస్తుంటే మనవడుగారి ప్రశ్నకు దారి దొరికినట్టుంది. 'వచ్చును' చూడండి. అది వచ్చును, వాడు వచ్చును, ఆమె వచ్చును, తెలుగులో అన్నిటికీ అదే రూపం. ముందు 'అది' ఉండబట్టి దర్శనం గురించి అనుకుంటున్నాం. అది తీసేస్తే ఎవరైనా రావచ్చు. హీబ్రూలోనూ ఈ సందు ఉంది, అక్కడ దర్శనమనే మాటే పుంలింగం. గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఆ సందులోంచి ఒక మనిషిని లోపలికి రానిచ్చారు. హెబ్రీ పత్రిక 10:37 ఆ దారినే వచ్చింది, "వచ్చుచున్నవాడు ఆలస్యముచేయక వచ్చును." మీ అమ్మమ్మ గారు ఈ రెండు వచనాలూ కలిపేసి ఉంటారు. లేదా 'అది' వదిలేసి, గ్రీకు ముక్క రాకుండానే, ఆ పాత అనువాదకులు చేసిన పనే చేశారు.

ఒంగోలు మనవడు:
మాస్టారూ, ఇది రెండుసార్లు చదివాను. ఆమెకు చదువు రాదు. విన్నదే. మందిరంలో పాస్టరుగారు చదివినప్పుడు 'అది' ఆమె చెవిన పడలేదో, పడినా ఇంటికి తెచ్చుకోలేదో.

చెదపురుగు:
ఏమైనా రాయి మీద మాత్రం ఉన్నదున్నట్టు చెక్కించండి. వాక్యంలోంచి మాటలు తీసేయకూడదని ప్రకటన గ్రంథం చివర గట్టిగానే ఉంది.

కడప టీచరమ్మ:
కొటేషన్ గుర్తులు పెట్టకుండా చెక్కిస్తే అది వాక్యం కాదు సార్, అమ్మమ్మ మాట. కింద హబక్కూకు అని వేయకండి, ఆమె పేరు వేయండి.

పాత మిషన్ కాంపౌండు:
బాబూ, చనువు తీసుకుని అడుగుతున్నా. మామయ్యకు కబురు అందిందా?

ఒంగోలు మనవడు:
తెలిసిన నంబర్లన్నిటికీ చేశామండీ. భూస్థాపన రోజు సాయంత్రం దాకా పెద్దమామయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇందాక మేస్త్రీకి వాట్సాప్‌లో పంపేశాను, అమ్మమ్మ అన్నట్టే, 'అది' లేకుండా. అక్షరానికి ఇంత అని తీసుకుంటాడట. మాటలు తగ్గాయి కదా బాబూ అని సంతోషపడ్డాడు. "ఎన్నాళ్లలో ఇస్తావు" అంటే "జాగు చేయను లెండి" అన్నాడు, నిజంగా ఆ మాటే.

చెదపురుగు:
గమనించారా, 'ఆలస్యం చేయను' అనలేదు! నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే.

మత్తేభం:
అది కాదు, ఇది అనాలేమో, టీచరమ్మ లెక్కలో.

కడప టీచరమ్మ:
నాన్నగారి పుస్తకం అటక మీద ఉంది. ఆదివారం నిచ్చెన వేసి తీస్తాను. అందాకా 'ఇది'యే.