వీలీలు కొట్టిన బండి కొనొచ్చా? అసలు అరిగేది ఎక్కడ?

నల్గొండ కుర్రాడు:
అన్నలూ, ఒక సెకండ్‌హ్యాండ్ కేటీఎం డ్యూక్ 200 బైక్ చూశాను. 2019 మోడల్. బయట అడుగుతున్న రేటు కన్నా బాగా తక్కువకి ఇస్తున్నాడు. అమ్మే అతను ఏదీ దాచలేదు. "వీలీలు (ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే నడపడం) కొట్టాను, కానీ క్లచ్‌తో నీట్‌గా లేపేవాణ్ణి. చైన్ సెట్ తప్ప ఏదీ అరగలేదు, అది కూడా కొత్తది వేయించా" అంటున్నాడు. మా ఫ్రెండ్ మాత్రం వీలీ బండి ఇంజన్ లోపల గుల్లయిపోయి ఉంటుంది, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? నాకు వీలీల మోజు లేదు, రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి బండి కావాలంతే.

సర్కిల్ కింగ్:
మీ ఫ్రెండ్ చెప్పేది విన్న మాట, చేసి చూసిన మాట కాదు. ముందు చక్రం గాల్లో నిలిచాక ఇంజన్ మీద పడే భారమే తక్కువ. బ్యాలెన్స్ పాయింట్ దొరికాక యాక్సిలరేటర్ కొద్దిగా, కుడి కాలు వెనక బ్రేక్ మీద, అంతే. బండి వెనక్కి పోతుందనిపిస్తే బ్రేక్ తాకిస్తాం, ముందుకి పడుతుందనిపిస్తే కొంచెం రేజ్ ఇస్తాం. ఇందులో ఇంజన్ గుల్లవడానికి ఏముంది? సిటీ ట్రాఫిక్‌లో సగం క్లచ్ పట్టుకుని గంటసేపు పాకే బండికి ఇంతకన్నా ఎక్కువ అరుగుదల. నా బండి మీద ఇప్పటికీ కంపెనీ పిస్టనే ఉంది.

గ్యారేజీ బాబాయ్:
పిస్టన్ సంగతి ఎవరడిగారు తమ్ముడూ? వీలీ బండి షెడ్డుకొస్తే నేను ముందు విప్పేది క్లచ్ కవరు. ప్లేట్లు అరగడం మామూలే, దాని గురించి బాధ లేదు. మధ్యలో ఉండే స్టీల్ ప్లేట్లు చూడాలి. మామూలు బండివి బూడిద రంగులో ఉంటాయి. క్లచ్ పట్టి, రేజ్ పెంచి, టపీమని వదిలిన బండివి నీలం తిరిగి ఉంటాయి, కొన్ని వంగి కూడా ఉంటాయి. ఇక క్లచ్ హౌసింగ్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) వేళ్ళ మీద ప్లేట్ల పళ్ళు కొట్టుకుని గాట్లు పడతాయి. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. అలా గాట్లు పడితే కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ జర్కులిస్తూనే ఉంటుంది, హౌసింగే మార్చాలి. చైన్ ఒక్కటే అరిగిందంటున్నాడంటే కంటికి కనబడేది ఒక్కటే మార్చాడని అర్థం.

ఇంకో విషయం. ఈ బళ్ళలో క్లచ్ తడి క్లచ్. ఇంజన్‌కీ దానికీ ఒకటే ఆయిల్. క్లచ్ కాలి రాలిన పొడి అంతా ఆ ఆయిల్లోనే తిరుగుతుంది. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చాడో అడుగు.

ఆర్‌ఎక్స్ రాముడు:
ఈ గొడవంతా ఫోర్ స్ట్రోక్ వాళ్ళదే. మా టూ స్ట్రోక్ యమహా ఆర్‌ఎక్స్ 100కి ఆయిల్ పెట్రోల్‌తో కలిసి లోపలికి పోతుంది, బండి ఎటు వంగినా క్రాంక్‌కి (పిస్టన్ తిప్పే ఇరుసుకి) ఆయిల్ అందుతుంది. 11 హార్స్‌పవర్ బండి, పైగా తేలిక. 96లో అది ఆగిపోయాక అలాంటి బండి రాలేదు.

గ్యారేజీ బాబాయ్:
రాముడూ, ఏ చర్చలోనైనా నీ ఆర్‌ఎక్స్‌ని తేకుండా ఉండలేవు కదా. కానీ ఆయిల్ మాట తెచ్చావు కాబట్టి చెప్తాను. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ అడుగున చేరి ఉంటుంది, పంపు అక్కడి నుంచి పైకి తోడుతుంది. బండి వెనక్కి లేస్తే ఆయిల్ కూడా వెనక్కి పోతుంది. ఒక్క క్షణం లేపి దించితే ఏమీ కాదు. ఫర్లాంగు దూరం ఒకే చక్రం మీద పోతే మాత్రం పంపు గాలి పీల్చొచ్చు. అలాంటప్పుడు పైనున్న క్యామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) దగ్గర ఆయిల్ పొర తెగి ముందుగా గీతలు పడతాయి. ఆయిల్ లెవెల్ తక్కువగా ఉంచుకుని కొట్టేవాళ్ళ బళ్ళలో ఇది ఎక్కువ.

లెక్కల మాస్టారు:
కింగ్, బాబాయ్ ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. కొంచెం లెక్క వేద్దాం. డ్యూక్ లాంటి బండికి రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 1.35 మీటర్లు. రైడర్‌తో కలిపి బరువు ఓ 210 కిలోలు అనుకుందాం, గురుత్వ కేంద్రం నేలకు 0.7 మీటర్ల ఎత్తున, వెనక చక్రం నేలను తాకే చోటికి 0.7 మీటర్ల ముందు ఉందనుకుందాం. ముందు చక్రం తనంతట తాను లేవాలంటే వెనక టైరు దగ్గర దాదాపు 2,000 న్యూటన్ల తోపు కావాలి. ఈ బండి మొదటి గేర్‌లో ఇవ్వగలిగేది ఇంచుమించు 1,600 నుంచి 1,700. రెండో గేర్‌లో ఇంకా చాలా తక్కువ. అంటే ఇది యాక్సిలరేటర్ తిప్పితే లేచే బండి కాదు. తిరుగుతున్న క్రాంక్‌లో ఉన్న శక్తిని క్లచ్ ఒక్కసారిగా వదిలి వెనక చక్రం మీదికి కుమ్మరించాలి, లేదా ఫోర్కుల్ని (ముందు షాక్ అబ్జార్బర్లని) నొక్కి అవి పైకి తన్నే సమయానికి కలిపి లాగాలి. పెద్ద బైకుల వాళ్ళు "పవర్ వీలీ (క్లచ్ వాడకుండా యాక్సిలరేటర్‌తోనే లేపడం) కొడితే ఏమీ కాదు" అనేది వాళ్ళ బళ్ళకి చెల్లుతుంది, 200 సీసీకి కాదు. ఆ కుదుపు క్లచ్ నుంచి చైన్‌కి, చైన్ నుంచి వెనక హబ్‌లోని రబ్బర్లకి పోతుంది.

కానీ నా ఉద్దేశంలో అసలు నష్టం లేపడంలో లేదు, దించడంలో ఉంది. బ్యాలెన్స్ పాయింట్ దగ్గర బండి దాదాపు 45 డిగ్రీలు లేచి ఉంటుంది, ముందు చక్రం నేలకు మీటరు ఎత్తున ఉంటుంది. అక్కడ భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, ముందు చక్రం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో నిట్టనిలువునా నేలను కొడుతుంది. ముందు భాగాన్ని మోకాలెత్తు నుంచి చేతులు వదిలి పడేసినట్టు లెక్క.

సర్కిల్ కింగ్:
మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ వదిలేసి దించేవాడు స్టంట్ రైడర్ కాదు. దిగేటప్పుడు కూడా కొంచెం రేజ్ పట్టుకునే ఉండాలి, అప్పుడు చక్రం మెత్తగా ఆనుతుంది. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ఇది నేర్చుకున్న వాడి ఫోర్కులకి ఏమీ కాదు. సీరియస్‌గా చేసే వాళ్ళు బండిని దానికి తగ్గట్టు మార్చుకుంటారు కూడా. వెనక స్ప్రాకెట్ పెద్దది వేసుకుంటారు, దాంతో క్లచ్‌ని అంత కొట్టే పని ఉండదు. చేత్తో పట్టే వెనక బ్రేక్ పెట్టుకుంటారు, పడితే బండికి దెబ్బ తగలకుండా చుట్టూ ఇనుప కేజ్ కట్టించుకుంటారు.

విశాఖ మోటోక్రాస్:
ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అతను నీట్‌గా లేపేవాడే అనుకుందాం. నేర్చుకున్నది ఏ బండి మీద? నీట్‌గా కొట్టేవాడి బండి బాగుంటుందని ఒప్పుకుంటాను, కానీ ఎవరూ మొదటి రోజే నీట్‌గా కొట్టరు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసేదాకా కాల్చడమే. వెనక బ్రేక్ అలవాటయ్యేదాకా యాక్సిలరేటర్ వదిలి దబ్బున పడేయడమే. ఆ నేర్చుకునే రోజులన్నీ ఒక బండి మోస్తుంది. అది ఈ బండేనా, వేరేదా?

మట్టి ట్రాకుల మీద నడిపే మా బళ్ళు రోజంతా చక్రం లేపుతూనే ఉంటాయని అంటారు. నిజమే, కానీ వాటి ఫోర్కులు దాదాపు 300 మిల్లీమీటర్లు కదులుతాయి, రోడ్డు బండివి అందులో సగమే. పైగా మాకు సర్వీస్ కిలోమీటర్ల లెక్కన కాదు, ఇంజన్ నడిచిన గంటల లెక్కన. కొన్ని గంటలకే ఆయిల్ మారుస్తాం, పిస్టన్ కూడా గంటలు చూసి మారుస్తాం. అలాంటి వాడకాన్ని రోడ్డు బండి సర్వీస్ పట్టికతో నడిపితే తేడా వస్తుంది.

తమ్ముడూ, బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు చక్రాన్ని గాల్లోకి ఎత్తించి, హ్యాండిల్‌ని ఒక వేలితో నెమ్మదిగా ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పు. సరిగ్గా మధ్యలో టక్కుమని ఆగిందా, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయినట్టే. దబ్బున దిగిన ప్రతిసారీ బేరింగు గుండ్లు ఒకే చోట గుద్దుకుని కప్పులో గుంటలు చేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కూడా విప్పించు. ఎక్కువసేపు వెనక చక్రం మీద నిలబెట్టిన బళ్ళలో బ్రీతర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఇంజన్ ఆయిల్ వచ్చి పెట్టె అడుగున నిలుస్తుంది. అమ్మేవాళ్ళు బయట కడుగుతారు, అక్కడ కడగరు.

గ్యారేజీ బాబాయ్:
మంచి ప్రశ్న వేశావమ్మా. దానికి రెండు కలుపుతాను. ఈ బండి ఫోర్కులు తలకిందులు రకం, ఆయిల్ సీలు కింది వైపు ఉంటుంది. సీలు పోతే కారిన ఆయిల్ నేరుగా ముందు బ్రేక్ మీదికే దిగుతుంది. ఫోర్కు కింద దుమ్ము ముద్దలా అంటుకుని ఉందేమో చూడు. అలాగే వెనక నంబర్ ప్లేటు అంచు, టెయిల్ ల్యాంప్ మూల చూడు. అక్కడ రోడ్డుకి రాసుకున్న గీతలుంటే వెనక్కి తిరగబడిన బండి.

ఆర్‌ఎక్స్ రాముడు:
అన్నిటికన్నా ముందు చలాన్లు చూడు తమ్ముడూ. హైదరాబాద్‌లో టీ-హబ్ రోడ్డు లాంటి చోట్ల స్టంట్ చేసే బళ్ళని పోలీసులు ఎత్తుకుపోవడం మామూలే. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్ కేసంటే మొదటిసారికే 5,000 దాకా జరిమానా, లేదంటే జైలు. నంబర్ కొట్టి ఈ-చలాన్ చూడు, కేసుంటే పేరు మార్పిడికే తిప్పలు.

సర్కిల్ కింగ్:
అందుకే రోడ్డు మీద వద్దని మేమూ చెప్తాం. అయినా ఇంత లెక్క వేసి ఏ సెకండ్‌హ్యాండ్ బండి చూసినా ఎవరూ కొనలేరు. అతి జాగ్రత్తగా నడిపే అంకుల్ బండి విప్పండి, మూడేళ్ళుగా ఆయిలే మార్చి ఉండడు.

నల్గొండ కుర్రాడు:
అందరికీ థాంక్స్. చూసొచ్చాను. ఎయిర్ ఫిల్టర్ పెట్టె పొడిగా ఉంది. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినా క్లచ్ జారడం లేదు. ఫోర్కుల దగ్గర లీకేజీ లేదు, చలాన్లు రెండు, రెండూ హెల్మెట్‌వి. కానీ హ్యాండిల్ తిప్పితే మధ్యలో టక్కుమంటోంది. విశాఖ అక్క అడగమన్నది అడిగాను. కాసేపు నవ్వి, "దీని మీదే నేర్చుకున్నా బ్రో" అన్నాడు. కోన్ సెట్, క్లచ్ ప్లేట్ల ఖర్చు తగ్గిస్తానంటున్నాడు.

సర్కిల్ కింగ్:
తీసేసుకో. కోన్ సెట్ ఎంతవుతుంది? గుంతల రోడ్ల మీద తిరిగిన బండికీ అది పోతుంది.

విశాఖ మోటోక్రాస్:
ప్లేట్ల ఖర్చు కాదు, హౌసింగ్ ఖర్చు కూడా తగ్గించమను. కవరు విప్పి గాట్లు లేవని చూపిస్తే అప్పుడు హౌసింగ్ ఖర్చు అడగడం వదిలేయ్.

గ్యారేజీ బాబాయ్:
క్లచ్ జారడం లేదంటే ప్లేట్లు ఈమధ్యే మార్చి ఉండొచ్చు, కాబట్టి ఆ టెస్టు ఒక్కటే నమ్మకు. అక్క చెప్పినట్టు కవరు విప్పించాల్సిందే. ఒప్పుకోకపోతే అక్కడి నుంచే వచ్చేయ్. ఒప్పుకుంటే కోన్ సెట్ మార్చేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట వెల్డింగ్ చుట్టూ గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడు. పెయింటు వెంట్రుకంత చీలినా సరే, ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకో.