తోరాల్‌ని చూసి నవ్వడం న్యాయమేనా? 'ఎల్ అతెంతాదో' మీద చర్చ

తెరచాటు:
1928 జూలై 17, మెక్సికో సిటీలో లా బొంబియ్యా హోటల్లో విందు. అధ్యక్షుడిగా మళ్లీ ఎన్నికైన ఆల్వరో ఒబ్రెగోన్ భోంచేస్తున్నాడు. తోరాల్ అనే కుర్రాడు అతిథుల బొమ్మలు గీస్తూ తిరిగి, ఒబ్రెగోన్ బొమ్మ ఆయనకే చూపించి, మరుక్షణం కాల్చేశాడు. ప్రభుత్వం కాథలిక్ మతాన్ని అణిచేస్తోందని అతని కోపం. మెక్సికో రచయిత హోర్హె ఇబార్గ్వెన్‌గోయ్తియా దీన్నే 'ఎల్ అతెంతాదో' అనే ప్రహసన నాటకం చేసి, పేర్లు మార్చి, జనరల్‌నీ కుర్రాణ్నీ కేసులో ఇరుక్కున్న సన్యాసినినీ అందర్నీ ఆటపట్టించాడు. ఇది చరిత్రను పోలి ఉంటే యాదృచ్ఛికం కాదు, జాతికే సిగ్గుచేటు అని ముందే రాసుకున్నాడు కూడా. నా మటుకు అది న్యాయమే, ఎవర్నీ వదలకూడదు.

పల్లెగొంతు:
తెరచాటు గారూ, ఒప్పుకోలేను. 1926లో అప్పటి అధ్యక్షుడు కాయెస్ ప్రభుత్వం ఫాదర్లు అంగీ వేసుకుని వీధిలోకి రాకూడదంది, బిషప్పులు చర్చిల్లో ఆరాధనలే ఆపేశారు, హలిస్కో వైపు రైతులు "క్రీస్తు రాజుకు జై" అంటూ తుపాకులు పట్టి వేలల్లో చచ్చారు. హత్య తప్పే, కానీ పోలీసుల చేతిలో చిత్రహింసలు పడి 1929 ఫిబ్రవరిలో మరణశిక్షకి తూటాలతో పోయిన తోరాల్‌నీ అధికారంలో ఉన్నవాణ్నీ ఒకే గాటన ఎలా కడతారండీ?

రంగస్థలం_పిచ్చి:
మధ్యలో ఒక్క మాట. మెక్సికో నాటకకర్త రోదోల్ఫో ఉసిగ్లి 1938లో రాసిన 'ఎల్ హెస్తికులాదోర్' నాటకం గురి విప్లవం పేరు చెప్పుకుని బతికే నాయకులే, దాన్ని 1947లో ఎట్టకేలకు ఆడితే కొద్ది రోజులకే ఆపేశారు. అక్కడ ఎక్కువ ఉలిక్కిపడింది ప్రభుత్వమే.

తెరచాటు:
అదే నేనూ అంటున్నా. 'ఎల్ అతెంతాదో'కి 1963లో క్యూబాలో బహుమతి వచ్చింది, మెక్సికోలో రంగస్థలం ఎక్కడానికి 1975 దాకా ఆగాల్సొచ్చింది. పల్లెగొంతు గారూ, అందులో నవ్వు భక్తి మీద కాదు, దేవుడి పేరుతో ఒకరు, విప్లవం పేరుతో ఒకరు చేసిన పెత్తనం మీద. 1929 జూన్‌లో ఏమైందో చూడండి, పోరాడేవాళ్లని ఒక్క మాటైనా అడక్కుండా బిషప్పులూ ప్రభుత్వమూ రాజీపడ్డారు, ఆయుధాలు దించినవాళ్లని ఆ తర్వాత వెతికి వెతికి చంపారు. వ్యవస్థలు రెండూ ఒకే తాను ముక్కలని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

పల్లెగొంతు:
రాజీ సంగతి నిజం, అక్కడ మీతోనే ఉన్నా. మరి ఆ నవ్వు సంతకాలు పెట్టిన బిషప్పుల మీద పడాలి కదా. ఈ నాటకంలో పడింది పెన్సిల్ పట్టుకున్న 27 ఏళ్ల కుర్రాడి మీద.