హాట్ టబ్ పంపు గుయ్యిమంటోంది, తిరగడం లేదు: కండెన్సరా, బేరింగా?

నీలినీరు
రెండు స్పీడ్ల పంపు. ఏ స్పీడ్‌లో పెట్టినా గుయ్యిమని కొన్ని సెకన్లకే బ్రేకర్ పడిపోతోంది. మోటారు కింద తడి, తెల్లటి పొడి చార ఉన్నాయి. కొత్త మోటారు కొనాల్సిందేనా?

రాగితీగ
కొనే మాట తర్వాత. ముందు మెయిన్ బ్రేకర్ దించండి, టబ్ ప్యానెల్ మీద ఆఫ్ నొక్కితే చాలదు. కరెంటు తీసినా కండెన్సర్‌లో చార్జ్ ఉంటుంది. దాని రెండు టెర్మినళ్ల మధ్య 20 కిలో ఓమ్, 5 వాట్ రెసిస్టర్‌ను పది సెకన్లు ఆనించి, మీటరుతో వోల్టేజ్ పోయిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

తర్వాత మోటారు వెనక మూత తీయండి. షాఫ్ట్ చివర స్క్రూడ్రైవర్ గాడి గానీ పానా పట్టే చదును గానీ ఉంటుంది. తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే లోపం కరెంటు వైపు. బిగుసుకుపోతే ఇంపెల్లర్‌లో (నీటిని తోసే చక్రం) ఏదో ఇరుక్కుంది లేదా బేరింగ్ పట్టేసింది. తిరుగుతూ గరగరమంటే బేరింగే.

మెగ్గర్
కరెంటు వైపు సంగతి నేను చెప్తాను. కండెన్సర్ ఒక వైరు విప్పాకే కొలవాలి. రన్ కండెన్సర్‌కు (మోటారు నడిచినంతసేపూ పనిచేసేది) ఎంత తేడా ఒప్పుకోవచ్చో లేబుల్ మీదే ఉంటుంది, ఎక్కువగా 5 లేదా 6 శాతం. మోటారు మొదలయ్యేటప్పుడే పనిచేసే స్టార్ట్ కండెన్సర్ మీద 88–108 మైక్రోఫారడ్ లాగా రెండు అంకెలు ఉంటాయి, రీడింగ్ ఆ మధ్యలో పడాలి. కొత్తదాని వోల్టేజ్ పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. రన్ ఉన్న చోట స్టార్ట్ కండెన్సర్ పెట్టకండి. అది కొన్ని సెకన్ల పనికే తయారైంది, అలాగే వదిలితే పేలుతుంది.

స్టార్ట్ కండెన్సర్ పేలిపోయి కనిపిస్తే సెంట్రిఫ్యూగల్ స్విచ్ చూడకుండా కొత్తది బిగించొద్దు. మోటారు వేగం అందుకున్నాక ఆ స్విచ్ విడిపోయి స్టార్ట్ కండెన్సర్‌ను తప్పించాలి. పాయింట్లు అతుక్కుపోతే కొత్త కండెన్సర్ కూడా కాలుతుంది. పాయింట్ల మధ్య చీమలు నలిగి కాంటాక్ట్ అందకపోతే మోటారు ఇలాగే గుయ్యిమంటుంది. సన్న ఎమరీ పేపర్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది.

నీలినీరు
థాంక్సండీ. పానాతో బలంగా తిప్పితే గరగరమంటూ కదులుతోంది. 35 మైక్రోఫారడ్ రన్ కండెన్సర్ 34 చూపిస్తోంది. స్టార్ట్ కండెన్సర్ లేదు.

తడిచెయ్యి
కండెన్సర్ బాగుంది. ఆ తెల్ల చారే అసలు కథ చెబుతోంది: షాఫ్ట్ సీల్ (షాఫ్ట్ వెంట నీళ్లు మోటారులోకి రాకుండా ఆపేది) కారి, నీళ్లు ముందు బేరింగ్‌లోకి వెళ్లి గ్రీజును కడిగేశాయి. బేరింగ్ మాత్రమే మార్చి పాత సీల్ ఉంచితే మళ్లీ ఇదే జరుగుతుంది. వెట్ ఎండ్ (నీళ్లు పారే పంపు భాగం) విప్పిన ప్రతిసారీ కొత్త సీల్ వేయాల్సిందే.

రెండు వైపులా వాల్వులు మూసి, యూనియన్లు (పైపులను పంపుకు కలిపే మర బిగింపులు) విప్పండి. వెనక షాఫ్ట్‌ను పానాతో కదలకుండా పట్టుకుని, ఇంపెల్లర్‌ను ఎదురుగా నుంచి చూస్తూ గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పితే ఎక్కువ మోడళ్లలో వచ్చేస్తుంది. మధ్యలో స్క్రూ ఉంటే ముందు దాన్ని తీయాలి, కొన్నింటికి అది ఎడమ మర, అంటే గడియారం దిశలో తిప్పితే ఊడుతుంది.

మోటారు పొడుగు బోల్టులు విప్పే ముందు, మూతలూ బాడీ కలిసేచోట మార్కర్‌తో గీత పెట్టండి. వెనక బేరింగ్ దగ్గరి స్ప్రింగ్ వాషర్ పడిపోతుంది, జాగ్రత్త. బేరింగ్ నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. 6203 తరచుగా కనిపిస్తుంది, అయినా చదివే కొనండి. రెండు వైపులా రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ రకం తీసుకోండి. పాతదాన్ని పుల్లర్‌తో లాగండి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తాలి. బయటి రింగు మీద కొడితే గోళీలు గాడిని గుంటలు చేస్తాయి, మొదటి రోజు నుంచే మోత.

సీల్‌లోని సెరామిక్, కార్బన్ ముఖాలను వేళ్లతో తాకొద్దు. రబ్బరుకు సబ్బునీళ్లు చాలు, గ్రీజు వద్దు.

రాగితీగ
బేరింగ్‌కు డబ్బు పెట్టే ముందు వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్లు) బతికుందో లేదో చూడండి. బోర్డు నుంచి వైర్లన్నీ విప్పి, 500 వోల్ట్ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కూ బాడీకీ మధ్య కొలవండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువైతే ఆరబెట్టి మళ్లీ చూడాలి. అప్పటికీ లేవకపోతే, కాలిన వాసన ఉంటే మోటారు మార్చడమే మేలు.

మెగ్గర్
మార్చాల్సివస్తే హార్స్‌పవర్ అంకె చూసి కొనొద్దు, అది తరచుగా పెంచి వేసిన అంకె. నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లు, వోల్టేజ్, ఫ్రేమ్ (మోటారు బిగింపు సైజు, 48 లేదా 56), స్పీడ్లు కలవాలి. హెర్ట్జ్ మరీ ముఖ్యం. 60 హెర్ట్జ్ మోటారును 50 మీద నడిపితే వేగం ఆరో వంతు తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది.

పంపుషెడ్డు
బిగించాక గాలి పట్టేసే ఇబ్బంది ఒకటుంది. మోటారు బాగానే తిరుగుతుంది, జెట్లలో నీళ్లు రావు. అలా వదిలితే కొత్త సీల్ ఎండి కాలిపోతుంది. పంపు ఆపి, పై యూనియన్‌ను కొంచెం వదులు చేసి, బుస్సుమనే గాలి పోయి నీళ్లు కారగానే బిగించండి. టబ్ నింపేటప్పుడు గొట్టాన్ని ఫిల్టర్ గుంటలో పెడితే గాలి తక్కువ చిక్కుతుంది.

తర్వాత రెండు స్పీడ్లలోనూ వైరు చుట్టూ క్లాంప్ మీటర్ పెట్టి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో నేమ్‌ప్లేట్‌తో పోల్చండి. కాసేపు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ మొదలైతే థర్మల్ ఓవర్‌లోడ్ (మోటారు వేడెక్కితే ఆపే స్విచ్) పడుతున్నట్టు. గాలి రంధ్రాలు మూసుకుపోయాయేమో, నడిచేటప్పుడు వోల్టేజ్ 10 శాతం మించి పడిపోతోందేమో చూడండి. నీటి పీహెచ్ 7.2–7.8 మధ్య ఉంచండి, ఆమ్లం పెరిగితే సీల్ త్వరగా పోతుంది. క్లోరిన్ డబ్బాలను పంపు పక్కన పెట్టకండి, ఆ ఆవిరికి కాంటాక్టులు తుప్పు పడతాయి.